పట్టాలు లేని బంతి

ట్రాముకు స్టీరింగు ఉండదు.
పదకొండేళ్లుగా పోజ్నాన్‌లో నడుపుతున్నా,
మలుపు నా పని కాదు, పట్టాలది.

రాత్రి డ్యూటీ దిగి, బూట్లయినా విప్పకుండా
తెర మీద నీలం బంతి వెంట పడతాను.
అది ఎడమకు జారుతుంది, నేను దాటిపోతాను.
వెనక్కి లాగుతాను, మళ్లీ దాటిపోతాను.
నా గురికి చలిజ్వరం.

"మౌస్ గొంతు పిసక్కు" అన్నాడు
కింది ఫ్లాటు పదిహేనేళ్ల జెమోవిత్.
సెన్సిటివిటీ సగానికి దించాడు.
మణికట్టు కాదు, మోచేయి కదపమన్నాడు.
"ప్లస్ గుర్తును చూడకు, బంతినే చూడు."
నా సాసేజీ తినేసి వెళ్లిపోయాడు.

మూడు వారాలు.
స్కోరు మేకు కొట్టినట్టు అక్కడే.

నిన్న వార్తా నది వంతెన మీద, వానలో,
ట్రాము పక్కనే ఓ సైకిలు.
కిటికీ చట్రంలో ఆమె ఎర్ర మఫ్లరు
కదలకుండా నిలబడింది,
ఇద్దరి వేగం ఒక్కటైనంతసేపు.

ఓహో.
వెంటపడటం కాదా ఇది.

రాత్రి బంతి కుడికి వంగింది.
చెయ్యి, బ్రేకు పిడి మీద ఉన్నప్పటిలా, తేలిగ్గా ఉంది.
నాలుగు సెకన్లు
బంతి ఆగిపోయినట్టే ఉంది.

ఐదోదానికి సంతోషించాను.
తప్పింది.