తూకం చీటీ

బరంపురం స్టేషను పార్సిల్ ఆఫీసులో
ముప్పై ఒక్క ఏళ్లు కాటా పట్టినవాణ్ని.
ఈ ఊరి బరువెంతో
కలెక్టరుకు తెలీదు, నాకు తెలుసు.

పట్టుమూటల్ని
లక్కముద్ర ఆరకముందే మోసుకొచ్చేవాడు కొమ్ముల దాలయ్య.
పసిబిడ్డను పక్కమీద దించినట్టు దించి
"మెల్లిగా బాబూ, లోపల కుంభం అంచుంది" అనేవాడు,
అంచుకేదో ప్రాణమున్నట్టు.

తవిటమ్మ అప్పడాల పెట్టెలు తూగేవి కావు.
ఇంత పెట్టెకి ఇంతేనా అని
కొత్త గుమస్తాలు ముల్లును వేలితో తట్టి చూసేవారు.
ఎండుచేపల బుట్టలొస్తే మాత్రం
ఎవరూ ఏదీ తట్టేవారు కాదు.
మొగలి అత్తరు సీసా ఒకటి పగిలిన రోజు
హౌరా మెయిలు మొత్తం
పెళ్లివారి బండిలా వెళ్లింది.

ఓ ఎండాకాలం ఇద్దరు ఇంజినీర్లు దిగారు.
పట్టాల అవతలి బీడులో గొలుసు పరిచి
ఎర్రజెండాలు పాతారు.
బోగీలు బాగుచేసే షెడ్డన్నారు, సరుకుల యార్డన్నారు,
ఊరికి వెనకవైపు కూడా ఓ గుమ్మమన్నారు.
వెయ్యిమందికి పని.

మీటింగుకి నేనూ వెళ్లాను, ఒంటిపూట సెలవు పెట్టి.
మొదటి గంట
షెడ్డుకు ఎవరి తాతపేరు పెట్టాలన్నది.
రెండో గంట
బోర్డు మీద ఒడియా పైనా తెలుగు పైనా అన్నది.
అప్పటికి బోర్డుకి మేకు కూడా కొనలేదు.
మూడో గంటకి
జెండాలు పాతిన రాత్రే బీడు కొనేసినవాళ్లు
ఒక్కొక్కరే లేచి
మాతృభూమి గురించి కన్నీళ్లు పెట్టుకున్నారు.
గజం ధర చెప్పినప్పుడు మాత్రం గొంతు వణకలేదు.

పెద్ద ఇంజినీరు టీ తాగి
గ్లాసు బల్లమీద బోర్లించాడు.
ఆ రాత్రే ఫైలు బండెక్కింది.
దానికి నేను తూకం వెయ్యలేదు.
మళ్లీ దిగనూ లేదు.
జెండాల గుడ్డ మేకలు తిన్నాయి.

ఇప్పుడు స్టేషను పెద్దదవుతోంది.
అద్దాల ముఖం, నడిచే మెట్లు,
నడవలేనివాళ్లకి లిఫ్టు.
మా ఆఫీసు గోడ పోయిన మంగళవారం కూల్చారు.
నా కాటాను
పాతినుము కొట్టువాడు ఇంకో కాటాలో వేసి కొన్నాడు.
రెండు కిలోలు కొట్టేశాడు, చూస్తూనే ఉన్నాను.

కొత్త ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచాను.
నా మోకాళ్లకి పావుగంట.
ఇంత పొడుగెందుకురా దేవుడా అనుకుంటే
అక్కడ తెలిసింది,
సూరత్ బండి జనరల్ పెట్టెలు ఆగేది అక్కడే.
సంచుల మీద కుర్రాళ్లు,
కుర్రాళ్ల ఒళ్లో సంచులు.

అందులో దాలయ్య మనవడు, ముకుందు.
"ఏటి నేస్తావురా అక్కడ?"
"నెయ్యడమేటి తాతా, మిషనే నేస్తాది.
తెగిన పోగు అతకడమే మన పని.
మన కుంభం అంచే, అచ్చు కొడతారు.
రోజుకి ఎన్నో లెక్కుండదు."
ఆగి, నవ్వాడు.
"తిరుగు బండిలో మన బజారుకే వస్తాయి."

చెయ్యి ఊరుకోదు కదా.
వాడి భుజం మీద వేసి చూశాను.
యాభై నాలుగు కిలోలు, పోనీ యాభై అయిదు.
సంచి విడిగా పదకొండు.
అందులో అప్పడాల పొట్లం ఉంది,
అది తూగదు.

జేబు తడుముకుంటే పెన్ను దొరికింది.
అరచేతిలో రాసుకున్నాను:
పంపినవారు, బరంపురం.
సరుకు, ఒక చెయ్యి, పోగు తెలిసినది.
విలువ దగ్గర పెన్ను ఆగిపోయింది.
పగిలే వస్తువుకు ఎర్రచీటీ అంటించేవాళ్లం,
అదీ లేదు.

బండి కదిలింది.
కిటికీ ఊచల్లోంచి ముకుందు అరిచాడు,
"మెట్లెక్కకు తాతా, లిఫ్టులో వెళ్లు.
కొత్తది. చాలా బాగుంది."