తరుగు

షట్టరు సగం దించినాక వచ్చినాడు
కంబగిరాచారి.
కుడిచెయ్యి చొక్కా జేబులోనే ఉండాది.
ప్రొద్దుటూరు బంగారు అంగళ్లకు
ముప్పై ఎనిమిదేండ్లు
వెంట్రుకంత తీగెను ముడేసి ఇచ్చిన చెయ్యి.

"మా అక్కకు, లాలప్పా.
చెంచా నోటిదాకా రాదు,
చారు దారిలోనే దిగిపోతాంది.
ఏమన్నా చేస్తావా?"

అక్క పిడికిలి కొలత కావాలంటిని.
కొంచెంసేపు లేతు వైపు చూసి
జేబులోంచి తన చెయ్యి తీసి
బల్ల మీద పెట్టినాడు.
బల్ల మీది నట్లు
గలగల చిన్నగా మాట్లాడుకున్నాయి.
నేనేమీ అనలా.
వర్నియర్ తీసి కొలిచినా.

లేతు మీద కడ్డీ సన్నగా, పొడుగ్గా ఉంటే
అదురుతాది.
కోసినచోటల్లా చారలు పడతాయి.
నాకు పని నేర్పిన మేస్త్రీ ఒకటే అనేవాడు:
కడ్డీని తిట్టొద్దురా,
కింద ఆనింపు పెట్టు.
నాకు తెలిసిన వైద్యం అంతే.

మొదటి చెంచా పిడిలో సీసం పోసినా,
బరువుకు వణుకు అణుగుతాదని.
అణిగింది.
మూడో గుక్కకే మణికట్టు లాగేసింది.
"గడ్డపారతో తినమంటావా" అన్నాడు.

రెండోదానికి పిడి లావు,
పైన సైకిలు హ్యాండిలు రబ్బరు,
గుంట బాగా లోతు.
చారు నిలిచింది గానీ
లోపలికి పెదవి పోదు.

మూడోదాని సంగతి అడగొద్దు.
స్ప్రింగు పెట్టినా.
చారు పోయి గోడ మీది క్యాలెండరుకు తగిలింది.
ఇద్దరమూ కడుపు పట్టుకోని నవ్వినాం.
ఆ రాత్రి నుంచి
అక్క మాట ఎత్తడం మానేసినాడు.

మర్నాడు కాటా తెచ్చినాడు,
అద్దాల పెట్టెలోది, ఊపిరికి కూడా కదిలేది.
పది చెంచాలు తాగడం,
కింద పళ్లెంలో పడింది తూచడం,
నోటుబుక్కులో ఎక్కించడం.
ఒకటో నెంబరు, ఇరవై ఆరు గ్రాములు.
రెండు, పంతొమ్మిది.
మూడుకు ఎదురుగా "గోడ" అని రాసినాడు.
అక్షరాలు చీమలబారు లెక్క పాకినాయి,
అయినా చదవొచ్చు.

సంకటి ముద్ద ఒక్కనాడూ జారలేదంట.
సంకటి నమ్మకమైంది,
వణికే చేతినైనా పట్టుకోనే ఉంటాది.
పారిపోయేదంతా
చారూ, మజ్జిగా, డాక్టరు రాసిన టానిక్కూ.

నాలుగోది చేసేటప్పుడు
స్టూలు లాక్కోని పక్కనే కూచున్నాడు.
"అంచు ఇంకొక నూలు లోపలికి."
"మెడ కొంచెం ఎడమకు వంచు, నోరు అటే గదా ఉండేది."
"ఇక్కడ బర్ర ఉండాది."
వేలితో తడిమితే నాకు తగల్లేదు.
లైటు కింద పెట్టి చూస్తే, ఉంది.
చెయ్యి వణికింది గానీ
కన్ను వణకలా.
ఆకురాయి నా చేతిలో,
పని ఆయనది.

మూడు గ్రాములు.
ఇంకో వారమియ్యి, అదీ లేకుండా చేస్తా అంటిని.
కాటా పళ్లెం తుడుస్తా అన్నాడు:
"వద్దులే.
అర గ్రాము రజనుకు
అంగడంతా ఊడ్చి బూడిద కడిగినోణ్ణి నేను.
అయినా తరుగు లేకుండా
ఒక్క నగా చెయ్యలేదు.
నా అన్నానికి మూడు గ్రాముల తరుగు
రాసుకో."

చెంచా జేబులో వేసుకున్నాడు.
ఈసారి చెయ్యి బయటే ఉండింది.

పది దినాలకు
జమ్మలమడుగు బస్సు దిగి
ఎండలో నడిచి వచ్చిందొక పెద్దామె.
"మా తమ్ముడు పంపినాడు."
అక్క నిజంగానే ఉండాది!
వాళ్ల నాయనకూ ఇదే వణుకంట,
ఇంటిపేరుతో పాటు వచ్చిందంట.

"చెంచా నాకెందుకు నాయనా,
నేను చేత్తోనే తింటా.
సూదిలోకి దారం ఎక్కేది ఏదైనా చెయ్యి.
రవికెలు కుట్టక
ఆర్నెల్లాయె."

కూచోమని స్టూలు జరిపినా.
ముందు బల్ల మీది నట్లన్నీ
డబ్బాలోకి ఎత్తి,
ఆ తర్వాత
వర్నియర్ తీసినా.