తెలుపు

టెక్కలి ఆసుపత్రి, రాత్రి రెండు దాటింది.
బల్ల మీద సూరాడ గున్నమ్మ,
భావనపాడు ఒడ్డున గుల్లలు కాల్చి
సున్నం అమ్మిన మనిషి.
మాస్కు పెట్టకముందు అడిగింది:
"ఆ డబ్బాలోది ఏటి బాబూ, మా సున్నమేనా?"
ఇంచుమించు అంతే, అన్నాను.

ఆమె విడిచిన గాలి గొట్టంలో తిరిగి
గింజల సందున దూరుతుంది.
చెడ్డగాలిని సున్నం మింగేసి
మిగతాది, మత్తుతో సహా, ఆమెకే పంపుతుంది.

సాయంత్రం ఇవే గింజలు ఊదారంగు.
కాసేపు ఊరకుంటే మళ్ళీ తెల్లబడ్డాయి.
కొత్తవాణ్ణి. తెలుపును నమ్మాను.

తెర మీద గీత ఊపిరి ఊపిరికీ నేలకి దిగాలి.
దిగదు.
రెండు మీద ఆగింది. తర్వాత ఐదు.
గున్నమ్మ నుదుట చెమట.
మత్తు డాక్టరమ్మ ఆక్సిజన్ పెంచి
నా వైపు చూడకుండానే అంది: "డబ్బా."

కొత్తది బిగించాక అరచెయ్యి ఆనించాను.
పొదుగుతున్న కోడి కింద పెట్టినట్టు
మెల్లగా వెచ్చన.
గీత నేల తాకింది.

పాత గింజలు బకెట్లో పోస్తే గలగలమన్నాయి,
గోటికి నలగనంత గట్టిగా.
ఎవరెవరి ఊపిరో తాగి, చివర ఆమెది కాస్త,
సున్నం మళ్ళీ గుల్లయింది.

తెల్లారి ఆమె మొదటి మాట:
"గొంతు మండతంది బాబూ. సున్నం గాటా?"