నడుమ కాలువ

మిర్యాలగూడ రైస్‌మిల్లుల రోడ్డు మీద
సైకిల్‌ను స్టాండెక్కిచ్చి పెడలు తొక్కుతుంట,
ముందట సానరాయి తిరుగుతుంటది.
కొడవండ్లు, టైలర్ కత్తెర్లు, కటికోళ్ళ కత్తులు,
పెండ్లిండ్ల దినాలల్ల వంటోళ్ళ చురకత్తులు.
ఇనుము ఏదైనా నాకు ఒక్కటే లెక్క అనుకున్న,
ఆ బూట్లు చూసేదాక.

కింద చక్రాలు లెవ్వు.
జానెడు మీద బెత్తెడు పొడుగు ఇనుపపట్టీ.
"మంచు మీద ఆడేటియి చాచా" అన్నడు ప్రేమ్‌సింగ్.
మే నెల. నలభై నాలుగు డిగ్రీలు.
బనీను ఒంటికి అతుక్కపోయింది నాకు.
"ఏడుందిరా మంచు?"
ఐసు ఫ్యాక్టరీ దిక్కు చూసి నవ్విండు.

వాడు నాకు ఎరుకే.
ధీరావత్ వాళ్ళ పిలగాడు, దామరచర్ల అవతలి తండా.
వాళ్ళమ్మ మిల్లుల వడ్లు ఎండబోస్తుండె.
వడ్లెత్తినంక సిమెంటు కల్లం ఖాళీ అయితే
చక్రాల బూట్లేసుకొని చీకటిదాక తిరుగుతుండె వీడు,
వంకర కట్టెతోని టైరు ముక్కను కొట్టుకుంట.
ఒక్క వడ్లగింజ చక్రం కింద పడ్డా
బోర్ల పడుతుండె. మోచేతులకు తోలు మిగల్లే.

ఆ దినం నాకు తెలిసినట్టే సానబట్టిన:
కొడవలి లెక్క, ఒక్కటే అంచు,
వెంట్రుక పెడితే తెగేటట్టు.
ఇరవై రూపాయలిచ్చి పోయిండు.

నెలకు మళ్ళ వచ్చిండు. ఏమన్లే.
ఫోన్‌ల బొమ్మ చూపిచ్చిండు.
"రెండంచులుండాలె చాచా. లోపలిది, బయటిది.
నడుమ సన్నటి కాలువ.
నిలబడేది రెండిటి మీద, మర్లేది ఒక్కదాని మీద."
సానరాయిని గుండ్రంగ చెక్కుకున్న.
మూడు దినాలు. పాత రంపం ముక్కలు ఆరు చెడగొట్టిన.
ఏడోదాంట్ల కాలువ పడ్డది.

అటెన్క సంగతులన్ని ఫోన్‌లనే.
పట్నంల మాల్‌ల గంటకింతని కట్టి మంచు.
లద్దాఖ్‌ల గడ్డకట్టిన చెరువు,
ముక్కుల నెత్తురు గూడ గడ్డకట్టిందట.
అటెన్క ఉత్తరాన కొండలల్ల ఒక క్లబ్బు,
పదకొండు నెలల కాయిదం, నెల జీతం.
వాళ్ళమ్మ ఆ కాయిదాన్ని మిల్లు గుమస్తాతోని
రెండుసార్లు చదివిచ్చుకున్నది:
"ఆడితే పైసలెవరిస్తరయ్యా?
అసలు ఏం పని జేపిస్తరు వానితోని?"

మొదటి సీజన్ల ఇరవై రెండు ఆటలు.
పద్నాలుగు బెంచి మీదనే.
మిగిలినయాట్ల ఆటకు నాలుగైదు నిమిషాలు.
గోలు ఒక్కటి,
అది గూడ ఎవడో కొడితే వీని మోకాలికి తాకి పోయిందట.
ముందు పన్ను ఒకటి ఊడింది.
"ఉరికేటోనికి చలి ఉండది చాచా,
కూసున్నోనికే ఉంటది."

మొన్న వచ్చిండు. కాయిదం అయిపోయింది.
కొత్తది వస్తదో రాదో.
ఫోన్‌ను నా సామాన్ల డబ్బా మీద పెట్టి
కన్ను తీస్తలేడు.
అప్పుడు చెప్పిండు, పన్ను సందుల నుంచి నవ్వుకుంట:
మొట్టమొదటి సెలక్షన్లకు
నా ఒంటంచు మీదనే పోయిండట.
మొదటి మలుపుల్నే పడ్డడట. పేరు కొట్టేసిన్రట.
ఏడాది పోయింది.

నా కాలు పెడలు మీద ఆగింది.
"గప్పుడే ఎందుకు చెప్పలేరా?"
"చెప్తే నువ్వు మళ్ళ పట్టకపోతుంటివి."

క్లబ్బుల మిషినున్నదట, నిమిషంల సాన.
అయినా ఈడిదాక మోసుకొచ్చిండు.
రవ్వలు లేసినయి. గోరు పెట్టి చూసిన,
అటు పట్టింది, ఇటు పట్టింది.
సాగర్ చేపలకు పోయే ఐసు ట్రాలీ
నీళ్ళు కార్చుకుంట ముందు నుంచి పోయింది.
ఆ తడిజాడ ఆరేదాక చూసిండు వాడు.
ఫోన్ మోగింది. ఇద్దరం దుంకినం.
లోన్ ఇస్తమంటున్నరు.

నలభై తీసిండు.
వద్దందామని నోటిదాక వచ్చింది.
తీసుకొని జేబుల పెట్టుకున్న.
ఊకె జేస్తే అది పని గాదు,
వాడు గూడ ఇప్పుడు పనోడే.