ఇస్త్రీ బండి కాడ జనాభా లెక్క

మాగుంట లేఅవుట్లో ఎవరెవరుండారో
గేటు మీది పేర్లు చూసి రాసుకోబాక అబ్బయా,
మూటలు చూసి నేను చెప్తా.

మూడో నంబరు రొయ్యల చెరువులాయనది.
లినెన్ చొక్కాలు, జేబుల్లో మేత లెక్కల చీటీలు.
రేటు పడ్డ నెల మూట చిన్నదైపోతాది.
ఎదురింట్లో డాక్టరమ్మ, డాక్టరాయన, తెల్లకోట్లు ఆరు,
ఇద్దరూ ఒక్క పూట ఇంట్లో ఉండంగా నేను చూళ్ళా.
అపార్ట్‌మెంట్లో పోర్టు ఇంజినీర్లు
అరవంలో గొణుక్కుని తెలుగులో బేరమాడతారు.
మూలింటి సేటు పదకొండు మందిమంటాడు,
చీరలు లెక్కేస్తే కోడళ్ళే ఆరుగురు.
రిటైరైన తాసిల్దారు మూట తనే మోసుకొచ్చి
గుండీలు లెక్కపెట్టుకుని పోతాడు.
వంటలకొచ్చిన ఒరిస్సా పిలకాయలు
ఏ మూటలోనూ రారు,
మేడ మీద ట్యాంకు చాటున ఆరతా ఉంటాయి వాళ్ళ గుడ్డలు.

నన్నా? నన్ను ఈడ రాయబాక.
పొద్దుగూకితే బొగ్గులార్పి పెన్న దాటి పోతా,
చెంగమ్మ లెక్క కోవూరుది.

తొమ్మిదో నంబరా...
ఆగు.
మిల్లు పెంచలరెడ్డి పోయి ఏడాది.
ప్రతి శనివారం ఆయమ్మ ఒక్క చొక్కా పంపిస్తాది,
తెల్లది, మడత నలగంది, చెమట వాసన లేంది.
మళ్ళీ నీళ్ళు చల్లి, కాలరు ఒత్తి,
ఎనిమిది రూపాయలు తీసుకుంటా.
తీసుకోకపోతే నాకు తెలుసని
ఆయమ్మకి తెలిసిపోతాది గదా.

ఇద్దరని కొట్టుకో.
నీ ఫోను ఒప్పుకోకపోతే నీ ఇష్టం.
కాస్త జరుగు నాయనా, రవ్వలు పడతాయి.