నాలుగు మూరలు

సిమ్లా టికెట్ల డబ్బులు
రెండు విడతల్లో వెనక్కొచ్చాయి.
మంచు మాత్రం మా వంటింటి క్యాలెండర్లోనే ఉండిపోయింది.
"ఈసారికి దగ్గర్లో, జనం లేనిచోటికి" అని
మా ఆయన పటం మీద వేలుపెట్టి
గోదావరిని చివరిదాకా లాక్కుపోయి
సముద్రానికి గోరంత ఇవతల ఆపాడు.
అక్కడ పేరేమీ రాసిలేదు.
పేరు లేనిచోట మనుషులుండరని
మా బెజవాడ లెక్క.

పదకొండు నెలల్లో నేను చూసిన మనుషులంతా
తల వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకుని
ముక్కు నాకు అప్పగించినవాళ్ళే.
ఎవరి ముఖమూ పూర్తిగా గుర్తులేదు.
కళ్ళనీళ్ళు గుర్తున్నాయి,
అవి ఏడుపు కాదనీ, పుల్ల తగిలితే అంతేననీ
రోజుకి రెండొందలసార్లు చెప్పడం గుర్తుంది.

ఫోనులో ఇద్దరు
ఊరి పేరు వినగానే గొంతు సర్దుకుని
గదులకి సున్నం వేస్తున్నామన్నారు.
కాకరలంక సుగుణమ్మ ఊరడగలేదు.
"మెత్తళ్ళు తింటారా?"
తింటామండి.
"అయితే వచ్చేయండి, ఆయ్."

నర్సాపురంలో పంటు, అవతల ఆటో,
ఆపైన ఇంజను లేని పడవ.
గట్టెక్కగానే బకెట్టు నీళ్ళు,
కొబ్బరిచిప్పలో ఎర్రసబ్బు.
లేసు అల్లే దారపుండ విప్పి
మోచేత్తో ఒకటి, రెండు, మూడు, నాలుగని కొలిచి
పుటుక్కున తెంపింది సుగుణమ్మ.
ఆ దారం ఆ కొసన మాకు మూడు నీలం కుర్చీలు,
ఈ కొసన ఆవిడ ముక్కాలిపీట.
"ఏవనుకోకండే. టీవీలో ఆరడుగులన్నారు,
నాకు అడుగులు తెలవ్వు."

పులుసులో మామిడిపిందెలు.
విస్తర్లు అరుగు మీద పెట్టి
తను అటు వెళ్ళాకే మమ్మల్ని రమ్మనేది.
వడ్డన దూరంనుంచే, గొంతుతో:
"ఆ పిల్లకి ఇంకో రెండు వెయ్యమ్మా, సిగ్గుపడతంది."

పోటుకి కాలవలో ఉప్పునీళ్ళు పైకొస్తాయి,
పాటుకి బురద మీద ఎర్రపీతలు
ఒంటికాలి కొండీ ఊపుతాయి.
రమ్మంటున్నాయా పొమ్మంటున్నాయా
అని జోషిత అడిగింది.
సరుగుడు తోపులో మాస్కు జేబులో కుక్కి పరిగెత్తి
మధ్యలో ఆగి తన పెదాలు తనే తడుముకుంది,
ఏదో మర్చిపోయి వచ్చినదానిలా.

ఆ ఇంట్లో ఒక పడవ బోర్లించి ఉంది.
తారు కొత్తది, తాడు కొత్తది,
తెడ్డు మాత్రం చూరులో.
ఎవరిదని మేమడగలేదు.

రెండో రాత్రి నా నోరాగలేదు.
"అమ్మా, నేను చేసేది ఆస్పత్రిలో. ఆ పనే."
మా ఆయన నావైపు చూశాడు.
సూది ఆగింది.
దూరంగా ఎక్కడో రొయ్యల చెరువు మోటారు
కొట్టుకుంటూనే ఉంది.

"కాకినాడలోనా?"
కాదండి, బెజవాడ.
"ఎప్పుడూ కాకినాడలో చెయ్యలేదా?
మొన్న శ్రావణంలో?"
లేదండి.

"పోన్లే" అంది.
అని, చాలాసేపు ఏమీ అనలేదు.
తర్వాత ముక్కాలిపీట ఎత్తి
ఒక మూర ఇటు వేసుకుని
మళ్ళీ అల్లుకోవడం మొదలుపెట్టింది.
"వాళ్ళు నీళ్ళడిగితే పోస్తారా మీరు?
అంత ముసుగేసుకుని, వినబడద్దా?"
వినబడుతుందండి, అన్నాను.
కొన్నిసార్లు వినబడదు.
అది చెప్పలేదు.

వచ్చేరోజు డబ్బులు సబ్బునీళ్ళలో ముంచి
తీగ మీద ఆరేసింది, లంగావోణీల పక్కన.
దారం జోషితకిచ్చింది, ఆడుకోమని.

పంటు మీద ఎవరో దగ్గారు.
అందరం తిరిగి చూశాం.
నేనూ.

ఇంటికొచ్చి సంచి దులుపుతుంటే
దారం చేతికి తగిలింది.
ఎందుకో కొలిచి చూశాను, ఆవిడలాగే మోచేత్తో.
మూడున్నరే వచ్చింది.
ఆవిడ మూర పొట్టిదో,
నా చెయ్యే సాగిందో.