తొడిమకు ఎంత బలం

ఏటుకూరు రోడ్డు, కోల్డ్ స్టోరేజీ వెనక రేకుల షెడ్డు.
బెంచీ మీద మూడు సర్వో మోటార్లు.
మూడూ కేటలాగు చూసి కొన్నవే,
మూడూ నా డబ్బు తిని చల్లగా పడుకున్నవే.

మొదటిది వస్తాదు.
తొడిమ తియ్యవే అంటే మెడ విరిచింది.
తేజ కాయ నడుముకి చీలి
గింజలు షెడ్డంతా పారాయి.
రెండోది బలానికి సరే,
నెమ్మదిగా తిరగమంటే మాత్రం
గతుకుల్లో షేర్ ఆటోలా
ఆగి, ఎగిరి, మళ్ళీ ఆగి.
షాఫ్టుని చేత్తో తిప్పితే
లోపల అయస్కాంతాలు గుటకలేసేవి తెలిసేది.
మూడోదాన్ని నేనేమీ అనను.
పోయిన మే నెల, రేకు కింద నలభై ఏడు డిగ్రీలు,
కారం దుమ్ము ఎన్‌కోడర్ కంట్లో పడి
తానెక్కడుందో తానే మరిచిపోయింది, పాపం.

"మీ పనికి తగినట్టు కట్టిస్తాం సార్" అన్నాడు
కోయంబత్తూరు నుంచి ఇళంగో, వచ్చీరాని తెలుగులో.
ఫారం పంపాడు. నలభై ఒక్క గడి.
టార్క్ ఎంత, పీక్ ఎంత, నిమిషానికి ఎన్ని చుట్లు,
లోడు జడత్వం ఎంత,
షాఫ్టు పొడవు, కీవే, బ్రేకు, చుట్టూ వేడి, చుట్టూ దుమ్ము.
పెళ్ళిచూపుల్లో కూడా ఇన్ని అడగరు.

మొదటి గడి దగ్గరే పెన్ను ఆగింది.
ఒక్క తొడిమ ఊడటానికి ఎంత బలం కావాలి?
యార్డులో క్వింటా ధర నిద్రలో చెప్పేవాళ్ళున్నారు,
బాడిగకీ తేజకీ వాసనతో తేడా చెప్పేవాళ్ళున్నారు.
ఇది చెప్పేవాడు లేడు.

నాగులమీరా వెళ్ళి దీనమ్మని పిలుచుకొచ్చాడు.
చీర మీద మగ చొక్కా, ముఖానికి తువాలు,
చేతులకి కొబ్బరినూనె.
ఇరవై రెండేళ్ళుగా కిలోకి ఇంతని
తొడిమలు తీస్తున్న మనిషి.
కాయకి దారం కట్టి స్ప్రింగ్ త్రాసు తగిలించాను,
లాగమ్మా, ముల్లు చూద్దాం అన్నాను.

ఆమె లాగలేదు.
"లాగితే కాయ చిరుగుద్దయ్యా.
కూసింత పక్కకి తిప్పి వదిలెయ్యాల. అదే వస్తది."

ఫోన్లో తీసి నిదానంగా నడిపి చూశాం.
బొటనవేలు పావు చుట్టు తిరిగింది, ఆగింది,
ఊడే ముందు రవ్వంత వెనక్కి వచ్చింది.
"అట్టా చేస్తన్నానా నేను?"
తన వేలిని తానే ఎవరిదో అన్నట్టు చూసుకుంది.

నేను ఏడాది పాటు లెక్కగట్టింది లాగుడు.
జరగాల్సింది మెలిక.
మూడు మోటార్లూ తప్పు చెయ్యలేదు,
తప్పు ప్రశ్నకి సరైన జవాబు చెప్పాయి.

కొట్టేసి మళ్ళీ రాశాను.
బలం తక్కువ, అదుపు ఎక్కువ.
పోల్స్ ఎక్కువ, గుటకలు ఉండరాదు.
గేరులో వెంట్రుకంత వదులు కూడా వద్దు,
వెనక్కి వచ్చే ఆ రవ్వంత అందులోనే పోతుంది.
మెడ దగ్గర రెండు పెదాల సీలు.
ఎన్‌కోడర్‌కి మూత, మూతకి మూత.

దీనమ్మ బెంచీ మీది వస్తాదుని వేలితో తట్టింది.
"దీనికి మంట పుడతదా?"
పుట్టదు అన్నాను.
"మంట పుట్టినప్పుడే నేను ఆగి నీళ్ళు తాగుతా.
మంట లేనిది ఎప్పుడాగుద్ది?"

నాగులమీరా నా వంక చూశాడు.
ఇరవై తొమ్మిదో గడి ఖాళీగా వదిలాను నిన్న.
అందులో రాశాను: చుట్ల మధ్య ఉష్ణ సెన్సర్, తప్పనిసరి.

పూట కూలి ఇస్తే లెక్కపెట్టి కొంగున ముడేసింది.
"ఎప్పుడొస్తది మీ కొత్తది?"
పది వారాలు పడుతుందమ్మా.
వేళ్ళు ముడిచి లెక్కేసింది. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్.
"అయితే ఈ సీజను నాదే" అంది.

తువాలు బిగించుకుని టిక్కీల లారీ చాటుగా వెళ్ళిపోయింది.
ఫారంలో ఇంకా పన్నెండు గడులున్నాయి.
కరెంటు పోయింది.